మెడలో కంటె ఉన్న మనిషి

పోస్ట్ కాస్త పెద్దది, తీరిక చూసుకుని చదవండి. సగంలో వదిలేస్తే మధ్యలో ఉన్న ఒక ఆడమనిషి కథ మీకు దక్కదు, ఆ కథ కోసమైనా ఆగండి.

మా ఊళ్లో విగ్రహం పెడదామనుకున్నాం. దొరల కాలంలో రోడ్డు పనికి వెట్టి రామని ఎదురు తిరిగి జైలుకెళ్లిన తాత ఒకాయన ఉండేవాడు. చందాలు పోగయ్యాయి, జాగా కూడా చూశాం. సిమెంటు విగ్రహాలు చేసే మేస్త్రి దగ్గరకు వెళ్తే ఆయన మొదట అడిగిన మాట, "ఫోటో ఉందా?" లేదు. వెట్టి చేసేవాడికి ఆ రోజుల్లో ఫోటో ఎవరు తీస్తారు? "పర్లేదు తమ్ముళ్లూ, రోమన్ బాడీ పెట్టేద్దాం" అని ఫోన్లో నాలుగు బొమ్మలు చూపించాడు. తెల్లటి పాలరాతి విగ్రహాలు. కండలు తిరిగిన ఒళ్లు, నున్నటి చెంపలు, చెదరని జుట్టు. రంగు సంగతి అడిగితే "కొంచెం ఛాయ పెంచుతాలే" అన్నాడు. పాపం మంచి మనసుతోనే అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మాకు ఒక అనుమానం వచ్చింది. గ్రీకులు, రోమన్లు తమ రాజుల్ని, దేవుళ్లని అలా చెక్కుకున్నారు, బాగానే ఉంది. మరి వాళ్ల చేతిలో ఓడిపోయిన వాళ్లని ఎలా చెక్కారు? వాళ్లకి అసలు రాతిలో చోటు దొరికిందా? హాస్టల్లో ఉన్నవాళ్లం, ఊళ్లో ఉన్నవాళ్లం కలిసి కొన్నాళ్లు ఇదే పని మీద చదివాం. చదివిన దాంట్లో మాకు ముఖ్యం అనిపించింది ఇక్కడ రాస్తున్నాం.

దొరికింది చోటు. రోమ్ నగరంలో కాపిటోలైన్ మ్యూజియంలో ఒక పాలరాతి విగ్రహం ఉంది. "చనిపోతున్న గాల్" అంటారు దాన్ని. ఒక మనిషి తన డాలు మీదే కూలబడి ఉన్నాడు. కుడి చెయ్యి నేలకు ఆనించి లేవబోతున్నాడో, ఒరిగిపోతున్నాడో తెలియనట్టు ఉంటాడు. కుడి రొమ్ము కింద కత్తిపోటు, దాని నుంచి కారుతున్న నెత్తురు చుక్కలు కూడా రాతిలోనే చెక్కి ఉన్నాయి. తల వంగిపోయి ఉంది. పక్కన కత్తి, విరిగిన కొమ్ము బూర. ఒంటి మీద నూలుపోగు లేదు. మెడలో మాత్రం మెలితిప్పిన లోహపు కంటె ఉంది. మన ఏజెన్సీలో ముసలమ్మల మెడల్లో చూస్తామే, గట్టిగా గుండ్రంగా ఉండే కంటె, ఆ జాతిదే అనుకోండి.

ఈ మనిషి పేరు ఎవరికీ తెలియదు. పేరు సరే, అతను ఎవరన్నదే చాలాకాలం తప్పుగా చెప్పుకున్నారు. 1623 నాటి ఒక సంపన్న కుటుంబపు సామాన్ల జాబితాలో ఈ విగ్రహం ప్రస్తావన మొదటిసారి కనిపిస్తుంది. తర్వాత చాలా ఏళ్లు దీన్ని "చనిపోతున్న గ్లాడియేటర్" అన్నారు. అంటే జనం వినోదం కోసం బరిలో కొట్టుకు చచ్చే బానిస అన్నమాట. సొంత నేల మీద నిలబడి కొట్లాడినవాడు తమాషా కోసం చచ్చేవాడయ్యాడు. 1797లో నెపోలియన్ సేనలు దీన్ని ఇటలీ నుంచి పారిస్‌కి పట్టుకుపోయాయి, 1816లో మళ్లీ రోమ్‌కి తెచ్చారు. ఓడిపోయిన మనిషి బొమ్మని కూడా గెలిచినవాళ్లు ఒకరి దగ్గర నుంచి ఒకరు లాక్కున్నారు.

అతన్ని చివరికి పట్టిచ్చినవి మూడు గుర్తులు: కంటె, మీసం, జుట్టు. గాల్ జాతుల మగవాళ్లు సున్నపు నీళ్లతో తల కడిగి, జుట్టుని గుర్రపు జూలులా బిరుసుగా వెనక్కి దువ్వుకునేవారని, వాళ్లలో పెద్ద ఇంటివాళ్లు చెంపలు గీసుకుని మీసం మాత్రం వదిలేవారని డియోడోరస్ అనే పాత గ్రీకు రచయిత రాశాడు. విగ్రహం సరిగ్గా అలాగే ఉంది. చెక్కినవాడు శత్రువు మనిషే, కానీ జాగ్రత్తగా చూసి చెక్కాడు. అతను అంత శ్రద్ధ పెట్టకపోతే ఈ మనిషి ఇప్పటికీ గ్లాడియేటర్‌గానే మిగిలిపోయేవాడు.

మరి ఎవరు వీళ్లు? బైబిల్ చదివే ఇళ్లలో "గలతీయులు" అన్న మాట వినే ఉంటారు. ఆ గలతియ అన్న ప్రాంతానికి పేరు వచ్చింది వీళ్ల వల్లే. యూరప్ నుంచి కదిలివచ్చిన కెల్టిక్ తెగలు. క్రీ.పూ. 278 ప్రాంతంలో బితీనియా రాజు నికోమెడిస్ తన తమ్ముడితో గొడవపడుతూ, కిరాయికి కొట్లాడటానికి వీళ్లని సముద్రం దాటించి ఇప్పటి టర్కీకి తెచ్చుకున్నాడు. యుద్ధం అయ్యాక వాళ్లు అక్కడే ఉండిపోయారు. ఇప్పటి టర్కీ రాజధాని అంకారా ఒకప్పుడు వాళ్లలో ఒక తెగకి కేంద్రం.

వాళ్లు మూడు తెగలు. ఒక్కో తెగలో నాలుగేసి భాగాలు, ఒక్కో భాగానికి ఒక పెద్ద. ఈ పన్నెండు మందితో పాటు మూడు వందల మంది ఉన్న సభ ఒకటి. ఆ సభ డ్రూనెమెటన్ అనే చోట కూడేదని, హత్య కేసులు అక్కడే తీర్పు చేసేవారని స్ట్రాబో రాశాడు. ఆ పేరులోని నెమెటన్ అన్న మాటకి వాళ్ల భాషలో పవిత్రమైన వనం అని అర్థం చెప్తారు. గ్రీకులు వీళ్లని అనాగరికులు అన్నారు. అదే గ్రీకు రచయిత వీళ్ల కుల పంచాయితీ ఎలా నడిచేదో కూడా రాసిపెట్టాడు. మా గుంపులో ఒక అక్క ఇది చదివి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఒక మాట ఇక్కడే చెప్పెయ్యాలి. వీళ్లని చూడగానే "అచ్చం మనమే" అనుకోవాలనిపిస్తుంది. మాకూ అనిపించింది. కానీ పూర్తిగా నిజం కాదు. గలతీయులు చుట్టుపక్కల గ్రీకు పట్టణాల మీద పడి దోచుకున్నారు, దోచుకోకుండా ఉండటానికి కప్పం వసూలు చేశారు. ఆ పట్టణాల్లో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు కూడా ఉంటారు. మనకి ఇష్టమైన వాళ్లని కడిగిన ముత్యంలా చూపిస్తే, మనం కూడా ఆ మేస్త్రి చేసిన పనే చేసినట్టు.

పెర్గము అనే పట్టణపు పాలకుడు మొదటి అట్టాలస్ ఆ కప్పం కట్టనన్నాడు. యుద్ధంలో గెలిచాడు. గెలిచాక రాజు అన్న బిరుదు, రక్షకుడు అన్న బిరుదు రెండూ తీసుకున్నాడు. గెలుపు గుర్తుగా పెర్గములో కంచు విగ్రహాలు పెట్టించాడు. మన గాల్ విగ్రహానికి మూలం ఆ గుంపులోదని, ఇప్పుడున్నది తర్వాత రోమన్ల కోసం చెక్కిన పాలరాతి నకలని ఎక్కువమంది పండితులు చెప్తారు.

ఇక్కడ మేం చాలాసేపు వాదించుకున్నాం. శత్రువుని అంత గొప్పగా, అంత జాలి పుట్టేలా ఎందుకు చెక్కించాడు? మాలో కొందరు "శిల్పికి మనసుంది" అన్నారు. ఇంకొందరు "కుందేలుని కొట్టినవాడు చెప్పుకోడు, పులిని కొట్టినవాడే చెప్పుకుంటాడు" అన్నారు. శత్రువు ఎంత బలమైనవాడైతే అట్టాలస్ అంత పెద్దవాడవుతాడు. మాకైతే రెండూ నిజమే అనిపిస్తోంది. డబ్బు పెట్టినవాడి లెక్క ఒకటి, ఉలి పట్టినవాడి కన్ను ఒకటి. రాతిలో ఆ రెండూ కలిసిపోయి ఉన్నాయి. కానీ ఒక్కటి గమనించండి. ఆ గాల్ నవ్వుతూ ఉన్న విగ్రహం లేదు. బిడ్డని ఎత్తుకున్నది, పంచాయితీలో కూర్చున్నది లేవు. చస్తున్నప్పుడే అతను అందంగా కనిపించాడు వాళ్లకి.

దీనికి జత విగ్రహం కూడా రోమ్‌లోనే, అల్టెంప్స్ అనే మ్యూజియంలో ఉంది. ఒక గాల్ వీరుడు పట్టుబడటం ఇష్టం లేక భార్యని చంపి, ఒక చేత్తో జారిపోతున్న ఆమెని పట్టుకుని, ఇంకో చేత్తో కత్తిని తన గొంతు దగ్గర దించుకుంటున్నాడు. చూసేవాళ్లు అతని పౌరుషాన్ని మెచ్చుకుంటారు. ఆమె మోకాళ్ల మీద కూలిపోయి ఉంటుంది. చావాలని ఆమెని ఎవరైనా అడిగారా అన్నది ఆ రాయి చెప్పదు.

ఇప్పుడు మొదట చెప్పిన ఆడమనిషి కథ. క్రీ.పూ. 189లో రోమన్ సేనాని మాన్లియస్ గలతీయుల మీద పడ్డాడు. వేలమందిని బానిసలుగా పట్టుకున్నారు. వాళ్లలో ఒర్టియాగాన్ అనే నాయకుడి భార్య కియొమారా ఉంది. కాపలా ఉన్న రోమన్ సెంచూరియన్, అంటే దళానికి అధికారి, ఆమెని చెరిచాడు. తర్వాత బంగారం ఆశపడి, సొమ్ము తెస్తే వదిలేస్తానన్నాడు. రాత్రిపూట నది ఒడ్డుకి ఆమె మనుషులు బంగారం తెచ్చారు. వాడు దాన్ని తూకం వేసుకుంటున్నాడు. అప్పుడు ఆమె తన భాషలో, వాడికి అర్థం కాని భాషలో, వీణ్ణి నరకండి అని చెప్పిందని లివీ రాశాడు. తెగిన తలని కొంగులో చుట్టుకుని వెళ్లి భర్త ముందు పడేసింది. లివీ ఆమె పేరు రాయలేదు. పేరు ప్లూటార్క్ రాయబట్టి మిగిలింది. చరిత్రకారుడు పోలీబియస్ సార్దీస్ పట్టణంలో ఆమెతో స్వయంగా మాట్లాడి, ఆమె ధైర్యానికీ తెలివికీ ఆశ్చర్యపోయాడని కూడా ప్లూటార్క్ చెప్తాడు.

ఆ భాష సంగతి మరో ముక్క. ఆ తర్వాత దాదాపు ఆరు వందల ఏళ్లకి, క్రీ.శ. 4వ శతాబ్దంలో, గలతీయులు ఇంకా తమ సొంత భాష మాట్లాడుకుంటున్నారని జెరోమ్ అనే క్రైస్తవ పండితుడు రాశాడు. రాజ్యం పోయింది, చుట్టూ అందరిదీ గ్రీకు, అయినా ఇళ్లలో భాష అన్నాళ్లు నిలిచింది. తర్వాత అదీ పోయింది.

కియొమారాకి పాలరాతి విగ్రహం మాకెక్కడా కనిపించలేదు.

రోమన్ల దగ్గరకొస్తే, ఓడినవాళ్లని చెక్కడం వాళ్లకి ఒక పరిశ్రమే. ట్రాజన్ చక్రవర్తి 101 నుంచి 106 మధ్య రెండు యుద్ధాలు చేసి డేసియాని, అంటే ఇప్పటి రుమేనియా వైపు కొండల దేశాన్ని పట్టుకున్నాడు. అక్కడ బంగారు గనులున్నాయి, ఇంక వేరే చెప్పాలా. 113లో రోమ్‌లో సుమారు 30 మీటర్ల పాలరాతి స్తంభం నిలబెట్టారు. దాని చుట్టూ తీగలా చుట్టుకుంటూ పోయే బొమ్మల వరుసలో 2,600 మందికి దగ్గరగా మనుషులున్నారు. ట్రాజన్ ఒక్కడే సుమారు 60 సార్లు కనిపిస్తాడు. కాలుతున్న పల్లెలు, చెట్టు కింద కూలబడి గొంతు కోసుకుంటున్న డేసియా రాజు డెసెబాలస్, అన్నీ ఉన్నాయి. పైకెక్కే కొద్దీ, దాదాపు చివర, మూటలు మోస్తూ, పిల్లల్ని నడిపించుకుంటూ, పశువుల్ని తోలుకుంటూ పోతున్న కుటుంబాలు. ముంపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు మా గుంపులో ఉన్నారు. ఆ బొమ్మని వాళ్లకి వివరించే పని మాకు పడలేదు.

ట్రాజన్ కట్టించిన చౌకులో పెద్ద పెద్ద డేసియన్ ఖైదీల విగ్రహాలు కూడా వరుసగా నిలబెట్టారు. చేతులు ముందుకి కట్టుకుని తలవంచుకుని ఉంటారు. రెండు వందల ఏళ్ల తర్వాత, 315లో, కాన్‌స్టంటైన్ తన గెలుపు తోరణం మీద ఎనిమిది డేసియన్ విగ్రహాల్ని ఎక్కించుకున్నాడు. అతను గెలిచింది ఇంకో రోమన్ మీద. డేసియన్లకీ ఆ యుద్ధానికీ సంబంధమే లేదు. ఓడినవాడి బొమ్మ ఒకసారి తయారయ్యాక ఏ గెలుపుకైనా పనికొస్తుందని తేలింది.

సరే, వాళ్ల సొంత ముఖాల సంగతేంటి? పదవులు చేసిన పెద్ద కుటుంబాలు తాతముత్తాతల ముఖాల్ని మైనంతో పోతపోయించి ఇంటి ముందు హాల్లో పెట్టుకునేవి. ఎవరైనా పోతే ఆ మైనపు ముఖాలు తొడుక్కుని మనుషులు శవయాత్రలో నడిచేవారు. అంటే చచ్చిపోయిన తాతలందరూ వచ్చి కొత్తగా పోయినవాణ్ణి తీసుకెళ్తున్నట్టు. ఇది చదివితే ముసలోళ్ల పండగలూ, పెద్దల్ని పిలుచుకునే రాత్రులూ మనకి గుర్తు రాకుండా ఉంటాయా? తేడా ఏంటంటే ఆ ముఖాలు పదవి ఉన్న ఇళ్లకే. ఆ కాలపు పాలరాతి తలల్లో ముడతలు, పీక్కుపోయిన బుగ్గలు, బట్టతలలు ఏవీ దాచలేదు. ముసలితనమే గౌరవం.

తర్వాత అగస్టస్ వచ్చి ఆ పద్ధతి మార్చేశాడు. 75 ఏళ్లు బతికాడు, విగ్రహాల్లో ముప్పై దాటలేదు. అతని తలలు, విగ్రహాలు రెండు వందలకు పైగా దొరికాయి, అన్నిట్లో నున్నటి కుర్రాడే. 1863లో దొరికిన ప్రైమా పోర్టా విగ్రహం వీటిలో పేరున్నది. మేస్త్రి ఫోన్లో ఉన్న నాలుగు బొమ్మల్లో ఒకటి అదే. దాని రొమ్ము కవచం మీద చూడండి, పక్కలకి తలవంచుకుని కూర్చున్న ఆడవాళ్ల బొమ్మలు చిన్నగా ఉంటాయి. లొంగిపోయిన జాతులకి గుర్తు వాళ్లు. ఇదే ముఖం నాణేల మీద ఎక్కి మన దాకా వచ్చింది. దక్షిణ భారతంలో దొరికే రోమన్ నాణేల్లో అగస్టస్, టిబేరియస్ నాణేలే ఎక్కువ. మన నల్గొండ జిల్లాలో కూడా రోమన్ నాణేల కుప్పలు బయటపడ్డాయి. ఆ చక్రవర్తి ఎవరో తెలియకుండానే మన వైపు వాళ్లు ఎవరో అతని ముఖాన్ని చేతిలో పట్టుకుని ఉంటారు.

అందరికన్నా మాకు నచ్చినవాళ్లు మాత్రం విడుదలైన బానిసలు. బానిసకి చట్టంలో తండ్రి పేరు లేదు, పెళ్లి లేదు. విడుదలయ్యాక కూడబెట్టిన డబ్బుతో సమాధి రాయి చేయించుకునేవారు. రోమ్ నుంచి బయటకు పోయే దారుల పక్కన అలాంటివి ఎన్నో ఉండేవి. రాతిలో కిటికీ చెక్కినట్టు, ఆ కిటికీ లోంచి మొగుడూ పెళ్లామూ పిల్లలూ వరుసగా రోడ్డు మీద పోయేవాళ్లని చూస్తుంటారు. భార్యాభర్తలు చేతిలో చెయ్యి వేసుకుని ఉంటారు. ఒకప్పుడు చట్టం ఒప్పుకోని పెళ్లి అది. గ్రూప్ ఫోటో దిగినట్టు ఉంటుంది. మాకు హాస్టల్ చేరిన మొదటి ఏడు తీసిన ఫోటోలు గుర్తొచ్చాయి, అందరం అలాగే బిగుసుకుని నిలబడ్డాం.

రోమ్‌లో పోర్టా మజ్జోరే అనే ద్వారం పక్కన యూరిసాసెస్ అనే రొట్టెల వ్యాపారి సమాధి ఉంది. అతను కూడా విడుదలైన బానిసే అయ్యుంటాడంటారు. పైన చుట్టూ యుద్ధాల బొమ్మలు లేవు. గింజలు కొనడం, గాడిదలు తిరగలి తిప్పడం, పిండి కలపడం, రొట్టెలు చెయ్యడం, పొయ్యిలో పెట్టడం, తూకం వెయ్యడం, ఇవే ఉన్నాయి. చక్రవర్తుల తోరణాలు అన్ని చూశాక ఇది చూస్తే ప్రాణం లేచొచ్చింది.

చెక్కిన ముఖం చెక్కినట్టే ఉంటుందని కూడా అనుకోకండి. 211లో కారకల్లా తన తమ్ముడు గేటాని చంపించి, అతని పేరూ ముఖమూ ఎక్కడున్నా చెరిపేయమన్నాడు. రోమ్‌లో అర్జెంటారీల తోరణం మీద ఒక కుటుంబం నిలబడి ఉంటుంది, గేటా ఉండాల్సిన చోట గీకేసిన ఖాళీ. ఆ ఖాళీయే అందరికన్నా ముందు కంట్లో పడుతుంది.

ఇక ఆ తెలుపు సంగతి. అవి తెల్లటి విగ్రహాలు కావు. గ్రీకులు, రోమన్లు రాయికి రంగులేశారు. పెదవులకి ఎరుపు, జుట్టుకి, కళ్లకి, బట్టలకి రంగులు. భూమిలో ఉండి, వానకి తడిసి, తవ్వినవాళ్లు తోమేసి ఆ రంగులు పోయాయి. 1764లో వింకెల్‌మన్ అనే జర్మన్ పండితుడు ప్రాచీన కళ చరిత్ర రాస్తూ, శరీరం ఎంత తెల్లగా ఉంటే అంత అందంగా ఉంటుందని తేల్చాడు. ఆ మాట యూరప్‌కి తలకెక్కింది. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో 1937, 38ల్లో ఏథెన్స్ నుంచి తెచ్చిన పార్థినాన్ శిల్పాల్ని తెల్లగా కనిపించాలని రాగి పనిముట్లతో, గరుకు పొడితో గీకారు. పైపొర పోయింది, తిరిగి రాదు. ఇప్పుడు ప్రత్యేకమైన కెమెరాలతో చూస్తే, కంటికి కనపడని పాత నీలం రంగు నలుసులు ఇంకా ఆ రాళ్ల మీద వెలుగుతూ కనిపిస్తున్నాయి. ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటనల నుంచి మా మేస్త్రి రంగు డబ్బా దాకా, ఈ తెల్లరాయి నీడ ఎంత దూరం పడిందో మీరే చూసుకోండి.

మళ్లీ మేస్త్రి దగ్గరకు వెళ్లాం. గాల్ విగ్రహం ఫోటో చూపించి, కంటె, మీసం, జుట్టు చూపించి, "ముఖం తర్వాత, ముందు గుర్తులు పెడదాం" అన్నాం. ఆయనకి వెంటనే అర్థమైంది. "అయితే గుర్తులు తెండి" అన్నాడు.

తాత మనవరాలు, మా ఊళ్లో అందరికీ పెద్దమ్మ, ఇంకా ఉంది. రెండు సాయంత్రాలు ఆమె దగ్గర కూర్చున్నాం. ఎడమ చేతి చిటికెన వేలు వంకర. చెవికి పోగు ఒక్కటే, రెండోది జైల్లో పోయింది. మనిషి పొట్టి. నల్లగా నిగనిగలాడేవాడు. నవ్వితే ముందు పన్ను విరిగినట్టు కనపడేది. పనిచేసేటప్పుడు తలగుడ్డ చుట్టేవాడు, కానీ ఎలా చుట్టేవాడో ఆమెకి గుర్తు లేదు, ఆమె అప్పటికి చిన్నపిల్ల.

మేస్త్రి ఆ ఒక్క దాని కోసం ఆగాడు. మీ ఊళ్లలో ముసలివాళ్లు ఎవరైనా పాతకాలపు తలగుడ్డ చుట్టు చూపించగలిగితే, వీడియో తీసి పంపండి. ఏ చేత్తో మొదలుపెడతారో, కొస ఎటు వదులుతారో కనపడేలా తీయండి.